మాస్టారి చివరి రిహార్సల్

"మళ్ళీ. థర్డ్ క్లారినెట్ ఒక్కటే."

రేపు రిటైరవుతున్నారు మా బ్యాండ్ మాస్టారు. ఇవాళ కూడా వెనక వరస దగ్గరే, క్లారినెట్లలో మూడో భాగం ఊదే అమ్మాయి ముందు ఆగారు. వాయిద్యం ఇంకా వేడెక్కలేదు, ఆ అమ్మాయి స్వరం కాస్త కిందికి ఉంది. ఆయన స్వరం సరిచూసే ట్యూనర్ తీయలేదు. "ఊదుతూనే పక్కవాళ్ళని విను" అన్నారంతే. స్వరాలు కలవనప్పుడు వినిపించే ఆ వణుకు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. ఆ పిల్ల మొహం చూడాలి!

నాకూ అలాగే నేర్పారు, ట్రాంబోన్ మీద.

చప్పట్లన్నీ సోలో వాయించినవాళ్ళకే వెళ్తాయి. వెనక వరసకి చెవి తెరిపించిన మనిషేమో కచేరీ అంతా ప్రేక్షకులకి వీపు పెట్టి నిలబడతారు. నాకు అదే పెద్ద విద్య అనిపిస్తుంది.

రేపు పాత విద్యార్థులం వస్తున్నాం. సంగీతం వృత్తిగా ఉన్నవాళ్ళం తక్కువే. అయినా అందరం వాయిద్యాలు తెస్తున్నాం.