చెయ్యి నిలపొద్దు

స్పెయిన్‌లోని గ్రనాడాలో గిటార్లకు పాలిష్ పెడతాను. తిరుపతి కొర్లగుంటలో మా నాయన తలుపులకు, మంచాలకు చేసిన పనే ఇదీ. ఆ సంగతి చేరిన మొదటి వారంలోనే తెలిసింది. మేస్త్రీ డబ్బా మూత తీస్తే లోపల తేనె రంగు రేకులు. లక్క! మన దేశంలో మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టే లక్క. దాన్ని స్పిరిట్‌లో నానబెట్టి, దూది చుట్టిన గుడ్డముద్దతో రుద్దడమే. ఆ ముద్దను వీళ్లు మున్యెకా అంటారు, అంటే బొమ్మ.

అంతకుముందు ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో లాకర్ అనే మెరుపు పూత స్ప్రే కొట్టేవాడిని. సరైన మాస్కు ఇచ్చేవాళ్లు కాదు. థిన్నర్ వాసనకు రాత్రంతా తలనొప్పి. ఇక్కడ ఆ బాధ లేదు, కానీ ఓపిక కావాలి. గిటార్ పై పలక రెండు మిల్లీమీటర్ల పైచిలుకే ఉంటుంది. అది అదిరితేనే నాదం. పొర మందమైతే ఆ అదురు తగ్గిపోతుంది. అందుకే పల్చగా, రోజుకు కొంచెంగా, వారాల తరబడి పెడతాం. లక్క పొరకు చెమట, వేడి పడవు. అయినా గీత పడితే కొత్త పూత పాతదాంట్లో కరిగి కలిసిపోతుంది. నాకు అందుకే ఇష్టం.

ఒకరోజు రుద్దుతుండగా ఫోన్ మోగింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ముద్ద అంటుకుపోయి, లాగితే పొర లేచి వచ్చింది, దాంతో పాటు గుడ్డ నూగు. బాగా ఆరేదాకా ఆగి, ఉప్పుకాగితం పట్టి, అక్కడ మళ్లీ మొదటి నుంచి. “చెయ్యి నిలిపినావంటే పాలిష్ పోయినట్టే రా” అని నాయన చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో!

పోయిన నవంబర్‌లో సెలవుకొచ్చినప్పుడు నేను పాలిష్ పెట్టిన స్ప్రూస్ చెక్క ముక్క ఒకటి తెచ్చాను. బయట ముసురు. నాయన దాన్ని ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. బొటనవేలితో రాసి, వేలు చూసుకున్నాడు.

“నూనె ఇంకా ఉంది రా. ఒట్టి స్పిరిట్‌తో ఒకసారి లాగల్ల.”

ముద్ద జారడానికి వేసిన ఆలివ్ నూనె చుక్కలు అవి. నేను అప్పుడే స్పిరిట్ సీసా అందుకోబోయాను.

“ఈ తేమలో వద్దు, తెల్లగా పొగలాగా పడుతుంది. వాన నిలవనీ.”

రెండు రోజులకు ఎండ వచ్చింది. ముద్ద నాయనే చుట్టాడు.