లేస్తే వచ్చే తలనొప్పి, పడుకుంటే పోయే తలనొప్పి

తలనొప్పి అని డాక్టరు దగ్గరకెళ్తే ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, వాంతులవుతున్నాయా, వెలుతురు చూడలేకపోతున్నావా అని వరసగా అడుగుతారు. పడుకుంటే తగ్గుతోందా అని మాత్రం మా వదినని చాలాకాలం ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను, వైజాగ్‌లోనే కాదు ఎక్కడున్నా సరే ఇలాంటి నొప్పితో తిరుగుతున్నవాళ్లుంటే చదవండి.

వదిన గాజువాకలో లెక్కల టీచరు, రోజంతా బోర్డు ముందు నిలబడే పని. పొద్దున్న కళ్లు తెరిచినప్పుడు ఏ నొప్పీ ఉండేది కాదు. లేచి, వంట చేసి, పిల్లల బాక్సులు కట్టి, బస్సెక్కి స్కూలుకి చేరేసరికి తల వెనకభాగం, మెడ పట్టేసి, రెండో పీరియడ్‌కల్లా తల మొత్తం కిందకి లాగేస్తున్నట్టు అయిపోయేది. చెవులు మూసుకుపోయి పిల్లలు చెప్పేది సరిగా వినపడేది కాదు. స్టాఫ్‌రూంలో బెంచీ మీద కాసేపు వాలితే తగ్గిపోయేది, లేస్తే మళ్లీ మొదలు. ఒకచోట సైనస్ అన్నారు, ఇంకోచోట మైగ్రేన్ అని మాత్రలిచ్చారు, మరోచోట మెడ ఎముకలు అరిగాయని కాలర్ పెట్టించారు. మామూలు సీటీ స్కాన్ తీస్తే నార్మల్. స్కాన్ బాగానే ఉంది కదా, స్కూలుకెళ్లడం ఇష్టం లేక పడుకుంటోంది అని చుట్టాల్లో ఒకావిడ మా ఇంట్లోనే కూర్చుని అనేసింది, ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మనిషి లేచి నిలబడలేకపోతోంది అంటే నమ్మడానికి ఫిల్ము మీద మచ్చ కనపడాలా?

చివరికి ఒక న్యూరాలజిస్టు గారు ఫైలు పక్కన పెట్టి, "అమ్మా, మంచం దిగకముందు నొప్పి ఉంటుందా?" అని అడిగారు. లేదండీ అంది. అక్కడే బల్ల మీద దిండు తీసేసి వెల్లకిలా పడుకోబెట్టి, బయట వేరే పేషెంట్లని చూసొచ్చి, ఇప్పుడెలా ఉంది అంటే హాయిగా ఉందండీ అంది. లేపి నిలబెట్టారు. కొంచెంసేపటికే వదిన మొహం పాలిపోయి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. వెన్నులో ఎక్కడో సీఎస్ఎఫ్ అనే నీరు లీకవుతున్నట్టుంది, కాంట్రాస్ట్ మందు ఇచ్చి బ్రెయిన్ ఎమ్మారై తీయించండి అని రాసిచ్చారు.

నాకు అర్థమైంది ఇదీ. మెదడు, వెన్నుపాము చుట్టూ సీఎస్ఎఫ్ అనే తేటనీరు ఉంటుంది, పెద్దవాళ్లలో ఏ సమయంలో చూసినా సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకి 500 దాకా కొత్తది తయారవుతూ పాతది రక్తంలోకి పోతూ ఉంటుంది. 1400 గ్రాముల మెదడు ఆ నీళ్లలో తేలుతుండబట్టే 50 గ్రాముల బరువున్నట్టు ఉంటుందట. వెన్నుపాము మీదుండే డ్యూరా అనే పొరకి చిల్లు పడితే నీరు బయటకి పోతుంది, మనం నిలబడినప్పుడు మెదడు కిందకి జారి దాన్ని పట్టుకున్న పొరలూ నరాలూ సాగి నొప్పి పుడుతుంది. తలలో ఈ నీటి ప్రెషర్ తక్కువ అన్నారని మా అత్తమ్మ ఉప్పేసిన మజ్జిగ కలిపి ఇచ్చేది పాపం, ఇది బీపీ కాదు, రెండిటికీ సంబంధం లేదు. అలాగే ముక్కులోంచి ఈ నీరు కారే జబ్బు వేరు, ఈ తలనొప్పి దాదాపు ఎప్పుడూ వెన్ను దగ్గర లీకు వల్లే.

చిల్లు ఎలా పడుతుందంటే డిస్కు దగ్గర పెరిగిన ఎముక మొన గుచ్చుకోవచ్చు, నరం బయటకొచ్చే చోట పొర పలచబడి ఉబ్బి చిట్లొచ్చు, లేదా ఆ నీరు నేరుగా పక్కనున్న సిరలోకే పోతుండొచ్చు. ఈ మూడోది 2014లో గానీ బయటపడలేదు. జబ్బు మాత్రం కొత్తది కాదు, 1938లోనే షాల్టెన్‌బ్రాండ్ అనే జర్మన్ డాక్టరు దీని గురించి రాశారు, కాకపోతే అప్పట్లో నీరే తక్కువ తయారవుతోందేమో అనుకున్నారు.

సిజేరియన్‌కి నడుములో మత్తు సూది ఇచ్చాక కొందరు ఆడవాళ్లకి వచ్చే తలనొప్పి కూడా ఇదే రకం. సూది చిల్లు కాబట్టి డాక్టర్లు వెంటనే గుర్తుపడతారు. సూదీ లేదు, దెబ్బా లేదు అన్నప్పుడే దారి తప్పుతుంది.

వదిన ఎమ్మారైలో మెదడు చుట్టూ పొర మొత్తం తెల్లగా వెలిగింది, మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి ఉబ్బింది, మెదడు కాస్త కిందకి దిగింది. డాక్టరు గారు ఒక్కోటీ వేలు పెట్టి చూపిస్తుంటే వదిన ఏడ్చేసింది, భయంతో కాదు, ఇన్నాళ్లకి తను చెప్పింది నిజమని తేలినందుకు. అయితే ఇంకోటి గట్టిగా చెప్పాలి. ఈ జబ్బున్న ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరికి బ్రెయిన్ ఎమ్మారై నార్మల్‌గానే వస్తుంది. నడుములో సూది పెట్టి ప్రెషర్ కొలిస్తే 60 మిల్లీమీటర్ల నీటి ఎత్తు కన్నా తక్కువుంటే తక్కువ అంటారు గానీ చాలామందికి అదీ మామూలుగానే ఉంటుంది. కాబట్టి రిపోర్టు బాగుంది ఇంటికెళ్లండి అంటే అక్కడితో ఆగిపోవద్దు, వెన్ను ఎమ్మారై, మైలోగ్రామ్ (వెన్నులోని నీటిలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) లాంటివి ఉన్నాయి, వాటి గురించి అడగండి.

ముందు విశ్రాంతి, బాగా నీళ్లు, కాఫీ. కొందరికి దాంతోనే తగ్గుతుంది, వదినకి తగ్గలేదు. తర్వాత బ్లడ్ ప్యాచ్, అంటే పేషెంటు రక్తాన్నే వెన్ను పొర బయట ఎక్కించి చిల్లు మూయడం. 1960లో గోర్మ్‌లీ అనే అమెరికన్ సర్జన్, నడుములో సూది గుచ్చినప్పుడు రక్తం పడినవాళ్లకి ఆ తలనొప్పి తక్కువగా వస్తోందని గమనించి, పేషెంటు రక్తాన్నే రెండు మూడు మిల్లీలీటర్లు ఎక్కించి చూశారు. ఇప్పుడు 20 మిల్లీలీటర్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే వాడుతున్నారు. వదినని పక్కకి తిప్పి, మోకాళ్లు పొట్టకి ఆనించి పడుకోబెట్టారట. ఒకరు చేతి సిరలోంచి రక్తం తీసి సిరంజి అందిస్తే, మత్తు డాక్టరు గారు పొర బయట ఉండే ఖాళీలోకి మెల్లగా పంపారు. నొప్పేస్తే చెప్పమ్మా అంటూ ఆగి ఆగి చేశారట. నడుము గట్టిపడి బిగుసుకుపోయినట్టు అనిపించగానే ఆపేశారు. ఆ రాత్రి లేచి కూర్చుని ఇడ్లీ తింది, నొప్పి లేదు. మొదటిసారి వేసింది పూర్తిగా నిలవలేదు, మళ్లీ చేయాల్సొచ్చింది, అలా జరగడం మామూలేనట. లీకు ఎక్కడో కచ్చితంగా తెలిస్తే అక్కడికే గ్లూ వేయడం, ఆపరేషన్ చేసి కుట్టడం, సిరలోకి పోయే రకమైతే ఆ సిరని లోపల్నుంచే మూసేయడం కూడా చేస్తున్నారు.

ప్యాచ్ తర్వాత కొన్ని వారాలు ఇల్లంతా కాపలా కాయాలి. వంగకూడదు, బరువెత్తకూడదు, నడుము తిప్పకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ బండ, తడిగుడ్డ పెట్టడం, వంగి దణ్ణం పెట్టడం కూడా వద్దు. మలబద్ధకం రాకుండా చూసుకోవాలి, ముక్కినా ప్రెషరే. మా అన్నయ్య ముగ్గు దగ్గర్నుంచి అన్నీ తనే చేశాడు, అలాగే చేయాలి కూడా.

ప్యాచ్ వేశాక నొప్పి తిరగబడొచ్చు, అంటే పడుకుంటే ఎక్కువై, లేస్తే తగ్గి, నుదుటి వైపు రావచ్చు. అది లీకు మళ్లీ తెరుచుకోవడం కాదు, ప్రెషర్ ఒక్కసారిగా పెరగడం, దానికి ఎసిటజోలమైడ్ మాత్ర ఇస్తారు, మీరే ఊహించుకోకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. ఇంక తలనొప్పి ఉన్న మనిషి మత్తుగా తూలిపోతున్నా, పిలిస్తే పలక్కపోయినా, ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చినా పొద్దున్నదాకా ఆగొద్దు, కేజీహెచ్ అయినా దగ్గర్లో ఏ పెద్దాసుపత్రి అయినా సరే క్యాజువాల్టీకి తీసుకెళ్లండి. ఈ జబ్బులో మెదడు పక్కన రక్తం చేరే ప్రమాదం ఉంది, అలా చేరితే లేస్తే నొప్పి, పడుకుంటే తగ్గేది అన్న మాట అక్కడ ఉన్న డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే కింద లీకు ఆపకుండా పైన రక్తం ఒక్కటే తీసేస్తే కొందరికి పరిస్థితి ఇంకా దిగజారుతుంది.