ఇత్తడి నేవీ క్రెస్ట్: జంట అంచుల మధ్య ఇసుక నిలవట్లేదు

మళ్ళీ అదే! ఇసుక అచ్చులో పోసిన నేవీ క్రెస్ట్ (నౌకాదళ చిహ్నం)లో లంగరు నున్నగా దిగింది. రిబ్బను మీద నేవీ నినాదం ‘శం నో వరుణః’ విసర్గతో సహా చదవొచ్చు. పాడైంది జంట అంచే. గేటు (కరిగిన ఇత్తడి అచ్చులోకి వచ్చే దారి) వైపు మూలల్లో రెండు గీతలూ కలిసి ఒకే లావు పట్టీ అయిపోయాయి.

ఒక్క అంచుతో సరిపెట్టే వీలు లేదు. 2022 సెప్టెంబరు 2న వచ్చిన నేవీ జెండా మీద అష్టభుజి ఎనిమిది దిక్కులకు గుర్తు, జంట బంగారు అంచు శివాజీ ముద్ర నుంచి వచ్చింది. ఆ సందు పూడితే మిగిలేది గోడ గడియారం చట్రం. (జాతీయ చిహ్నం వాడకంపై 2005 చట్టం ఉంది కనుక సింహాలు లేకుండానే పోత.)

కొలతలివి: ఎదురెదురు భుజాల మధ్య 160 మి.మీ., చల్లారేటప్పటి 1.5% కుదింపు కలిపి ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు వేసే నమూనా) 162.4. పలక మందం 5, అంచుల ఎత్తు 3, సందు 2. అంటే అచ్చులో 2 మందం, 3 ఎత్తు ఉన్న ఇసుక గోడ నిలవాలి. డ్రాఫ్ట్ (ప్యాటర్న్ తేలిగ్గా లేవడానికి అంచులకిచ్చే వాలు) 3 డిగ్రీలే, అంటే పక్కకు 0.16 మి.మీ. ప్యాటర్న్ లేపగానే 135 డిగ్రీల మూలల దగ్గర గోడ చిట్లుతోంది. అక్కడ నిలిచినా, గేటు నుంచి వచ్చే ఇత్తడి ముందు బయటి గాడిలో పడి గోడను పక్క నుంచి కొడుతోంది. విరిగిన ఇసుక తేలిపోయి లంగరు కొక్కెం పక్కన గుంటలు చేస్తోంది.

నాగావళి ఇసుక జల్లించి 8% బెంటొనైట్ బంకమట్టి, 4% నీళ్ళు కలిపితే ఇదీ ఫలితం. నీళ్ళు 5.5% చేస్తే గోడ నిలిచింది, కానీ ఆవిరికి పలకంతా బొబ్బలు. నూనె ఇసుక నయమంటారు గానీ ఆ పొగ పెరట్లో భరించలేం. లోహం మీద అనుమానం లేదు. పాత కుళాయిల తుక్కులో సీసం ఉంటుంది, అందుకే బుడితి ఇత్తడి ముక్కలే వాడింది. 1040 డిగ్రీల దగ్గర పోత. ఇత్తడిలోని జింకు 907కే మరుగుతుంది కాబట్టి మూస (లోహం కరిగించే పాత్ర) మీద గాజుపొడి తప్పదు.

ఈసారి అంచుల ఎత్తు 1.5కి దించి, సందు 2.5, డ్రాఫ్ట్ 8 డిగ్రీలు. గేటు 25 వెడల్పు, 4 మందం చేసి వేగం తగ్గించాలి. సందును తర్వాత ఉలితో చెక్కుకోవచ్చు గానీ, అది పోత కాదు.

ఇది దారికొస్తే పాత క్రెస్ట్. అందులో లంగరుకు తాడు చుట్టుకుని ఉండేది, కొత్తదానిలో వలస గుర్తని తీసేశారు. తాడు కింద ఖాళీ ఇసుకలో విడిపడదు, మైనపు నమూనాను కరిగించి తీసేసే పోత పద్ధతే దిక్కు. ముందుగా 3 మి.మీ. మైనం పోగులు పేని చూడాలి.