ఇంట్లో పాట రికార్డు చేద్దామని మొదలుపెడితే పెరట్లో గుంత తవ్వాల్సొచ్చింది

నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకొని మైకు ఆన్ చేస్తే ఏమీ వినపడలేదు. ఈ ‘ఏమీ లేదు’ కోసం నేను పడిన పాట్లు, ఒళ్లు ఇంకా మండుతుండగానే రాసిపెట్టాలి. చల్లారితే అందరినీ క్షమించేస్తాను, అది నాకిష్టం లేదు.

నేను కడపలో ఇంటికాడే పిల్లలకు సంగీతం చెప్తాను. కడప అన్నాక ఇంటికొకరు కువైట్‌లో ఉండకపోతే ఆశ్చర్యం. నా శిష్యుల్లో కొంతమంది తల్లిదండ్రులతో పాటు ఆడికే పోయినారు. మాకు రాత్రి ఏడున్నర అయితే వాళ్లకు సాయంత్రం ఐదు, ఆ వేళకు వీడియో కాల్‌లో పాఠం. కాల్‌లో తాళం కుదరదు, నా చేతి దెబ్బ వాళ్లకు చేరేసరికి ఆలస్యమైపోతుంది. పైగా ఆగకుండా మోగే తంబూరాను ఆ యాప్‌లు శబ్దకాలుష్యం అనుకొని కోసిపారేస్తాయి. శ్రుతి లేకుండా సరళీ స్వరాలు నేర్పడమేంది? అందుకే మొదటి పాఠాలైన సరళి, జంట, అలంకారాలు, గీతాలు అన్నీ తంబూరాతో మూడు కాలాల్లో (వేగాల్లో) శుభ్రంగా రికార్డు చేసి పంపిద్దామనుకున్నాను.

సామాన్లు కొనడం తేలిక. తమ్ముడు వాడి పడేసిన లాప్‌టాప్ ఉంది, దాని బ్యాటరీ పావుగంట నిలిస్తే గొప్ప. ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును లాప్‌టాప్‌కు కలిపే పెట్టె), కండెన్సర్ మైకు, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైకు తీగ), స్టాండు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కొన్నాను. కండెన్సర్ మైకైతే దానికి కరెంటు అందించే 48 వోల్టుల బటన్ ఇంటర్‌ఫేస్ మీద నొక్కాలి, లేకపోతే పలకదు. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టే పనే లేదు. ఆడాసిటీ ఉచితం, రీపర్‌ను 60 రోజులు ఊరికే వాడి చూసుకోవచ్చు. రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకొని, తారస్థాయి పాడినా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే బొత్తాం) తిప్పుకుంటే చాలు. మన గొంతు మనకే ఆలస్యంగా వినపడుతుంటే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే స్విచ్ ఉంటుంది, వేసుకోండి. దీని గురించి గంటసేపు వీడియోలు చేసేవాళ్లున్నారు, అంత విషయం లేదు.

గది సంగతి కొంచెం చెప్పాలి. మా ఇల్లంతా కడప బండలే. నేల బండ, అలమర అరలు బండ, వంటింటి గట్టు బండ, మెట్లు బండ. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ఆ శబ్దం గోడకూ గోడకూ తగిలి టర్రుమని తిరిగొస్తుంది. ఫోమ్ పలకలు అతికించమన్నారు గానీ, అవి కొనేంత డబ్బు పెట్టే ముందు మా అత్త కుట్టిన పాత చీరల బొంతలు దండెం మీద మూడు దిక్కులా వేలాడదీసి చూశాను. ఆ టర్రుమనేది పోయింది. మూలల్లో మందంగా నిలిచే రొదకు బొంత చాలదు, అది నిజమే. గది మూలకు పోకుండా, గది మధ్యకూ రాకుండా నిలబడితే సరిపోయింది. ఫ్యాన్ ఆపాల్సిందే. ఎండాకాలం కడపలో ఫ్యాన్ ఆపి, బొంతల మధ్య నిలబడి వర్ణం పాడినామె ఎవరన్నా ఉంటే నన్ను కలవమనండి, ఇద్దరం సన్మానం చేసుకుందాం.

ఇదంతా అయినాక అసలు సమస్య మొదలైంది.

మైకు ఆన్ చేస్తే అడుగున గుమ్మని ఒక మోత. పాడుతున్నప్పుడు వినపడదు, ఊపిరి తీసుకునేటప్పుడు తేలుతుంది. మామూలు మనిషైతే వదిలేస్తాడు. నేను వదల్లేకపోవడానికి కారణముంది. నాది ఐదు శ్రుతి, అంటే జీ. నా మధ్యస్థాయి షడ్జం, అంటే ‘స’, 196 హెర్ట్జ్ (సెకనుకు 196 కంపనాలు) దగ్గర ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని రొద 50తో ఆగదు, 100, 150, 200 అని పైకి పోతుంది. ఆ 200 వచ్చి నా 196 పక్కన కూర్చుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య ఉండే దూరంలో మూడో వంతు ఎక్కువ. నేను షడ్జం మీద నిలబడగానే రెండూ కలిసి సెకనుకు నాలుగు సార్లు ఊగేవి. తీగ కొంచెం ఎక్కువ బిగించిన తంబూరాను ఎవరో దొంగతనంగా నా వెనక మీటుతున్నట్టు. ఈ సంగతి నేను ముందు చెవితోనే పట్టుకున్నాను, తర్వాతే ఆడాసిటీలో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే బొమ్మ) చూశాను. గొప్ప చెప్పుకుంటున్నానంటే అనుకోండి.

తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్లో, “అక్కా, నాయిస్ రిడక్షన్ అని ఉంటాది, నొక్కు, పోతుంది” అన్నాడు. నొక్కాను. మోతతో పాటు నా షడ్జం కూడా పోయింది. ఎందుకు పోదు? 200 దగ్గర కోస్తే 196కు కూడా కత్తి తగులుతుంది. రిషభం, గాంధారం బాగుంటాయి, ‘స’ దగ్గరికొస్తే గొంతు బోలు. సంగీతంలో ఏ స్వరం పోయినా రాగం మారుతుందేమో గానీ, ఆధార షడ్జం పోతే సంగీతమే లేదు. ఇది వాడికి చెప్తే, “నీకొక్కదానికే వినపడుతుందిలే అక్కా, పిల్లలకేం తెలుస్తుంది” అన్నాడు. పిల్లలకు తెలియాలనే కదరా నేను చెప్పేది!

మైకు అమ్మిన అంగడికి ఫోన్ చేశాను. ఆయన మారు మాట్లాడకుండా బంగారు పూత పిన్నుల కేబుల్ తీసుకోమన్నాడు. తీసుకున్నాను. మోత అట్లనే ఉంది, పిన్నులు మాత్రం మెరుస్తున్నాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో రెండు తీగలు ఒకే సంకేతాన్ని ఎదురెదురుగా మోస్తాయి, దారిలో దూరిన రొద రెంటిలో ఒకేలా ఉంటుంది కాబట్టి చివర్లో కొట్టివేయబడుతుంది. ఆ ఏర్పాటు మామూలు కేబుల్‌లోనూ ఉంటుంది, పూతతో దానికి సంబంధం లేదు. ఈ ముక్క ఆయనకు తెలియదంటే నేను నమ్మను.

దారి దొరికింది కరెంటు పోయినందువల్ల. ఒక మధ్యాహ్నం పాడుతుండగా కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, మోత ఒక్కసారిగా మాయం. కరెంటు వచ్చింది, మోత వచ్చింది. చార్జర్ పీకాను, పోయింది. పెట్టాను, వచ్చింది. అంటే మైకూ కాదు, కేబులూ కాదు. చార్జర్ పెట్టి ఉన్నప్పుడు లాప్‌టాప్ ఇనుప అంచు మీద వేలు రాస్తే సన్నగా జుమ్మనేది కూడా అప్పుడే గుర్తించాను. తర్వాత తెలిసిందేమంటే, ఈ చార్జర్ల లోపల నుంచి కొంచెం కరెంటు ఎప్పుడూ ఎర్త్ పిన్ను (ప్లగ్గులో మూడో పిన్ను) వైపు కారుతుంటుంది. ఎర్త్ సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే లాప్‌టాప్ ఒంటి మీద, అక్కడి నుంచి ఇంటర్‌ఫేస్ మీద, మైకు మీద కూర్చుంటుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. గడపలోనే మొదటి ప్రశ్న, “సార్ లేడా అక్కా?” సార్ ఉన్నాడు, లోపల పేపర్ చదువుతున్నాడు, కానీ సమస్య నాది. చెప్పినాను. ప్లగ్గులో టెస్టర్ పెట్టి, “లైటు వెలుగుతాంది సూడు, అంతా బాగుంది” అన్నాడు. ఆ టెస్టర్ ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) ఉందా లేదా చెప్తుంది, ఎర్త్ సంగతి చెప్పదు. స్పెక్ట్రమ్ బొమ్మ చూపించాను. “ఈసీజీ మాదిరుండాదే” అన్నాడు. సరే, చెవితోనే వినమని హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. ఆయన స్టాండు మీది మైకును ఊడబీకి పిడికిట్లో పట్టుకొని, “హలో, హలో, మైక్ టెస్టింగ్” అని, ఒక నిమిషం విని, మా ఆయన వైపు తిరిగి అన్నాడు: “సార్, సౌండేమీ లేదు. అక్కను ఒకసారి చెవుల డాక్టర్ దగ్గరికి తీస్కపోండి.”

మా ఆయన నవ్వాడు. అది రాయకుండా ఉండలేను.

ముప్పై ఏళ్లుగా శ్రుతి కలుపుతున్న చెవులివి. ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారి మళ్లీ మైకు పెట్టుకొని కూర్చొని, చేతులతో ఒక్కొక్కటీ తాకుతూ విన్నాను. మైకు ఇనుప ఒంటిని పట్టుకోగానే మోత సగానికి సగం పడిపోయింది. చేయి తీస్తే మళ్లీ లేచింది. ఆ మహానుభావుడు మైకును పిడికిట్లో పట్టుకొని విన్నాడు కదా, ఆయన ఒళ్లే ఎర్త్ చేసే పని కొంచెం చేసింది. అందుకే ఆయనకు వినపడలేదు. ఫోన్ చేసి చెప్పాను. “సరే అక్కా, మీరింత చెప్తాండారు గదా, న్యూట్రల్‌కే ఎర్త్‌కు లూప్ కొట్టేస్తా, ఐదు నిమిషాల పని” అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి అందరూ వినాలి. ఈ ఐదు నిమిషాల పని ఎవరు చేస్తానన్నా గడప దాటనివ్వొద్దు. ప్లగ్గులోనే న్యూట్రల్‌నూ (కరెంటు తిరిగి పోయే తీగను) ఎర్త్‌నూ కలిపేస్తే మోత పోవచ్చు కూడా. కానీ రేపు యాడన్నా న్యూట్రల్ తెగితే ఆ 230 వోల్టులు ఫ్రిజ్జు ఒంటికీ, వాషింగ్ మెషిన్‌కూ, లాప్‌టాప్‌కూ, దాన్నుంచి మైకుకూ వస్తాయి. మైకుకు పెదవులు ఆనించి పాడేది నేను. మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఈ లూపులు ఉన్నాయో తలుచుకుంటే భయమేస్తుంది. గృహప్రవేశానికి లక్షలు పెట్టి భోజనాలు పెడతాం, ఎర్త్ పైపు పాతే గుంత దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీతో బేరమాడతాం.

చివరికి సాయం చేసింది పక్క వీధి చిన్నాయన. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరైనాడు. ఆయన సార్ లేడా అని అడగలేదు, “గుంత యాడుందమ్మా?” అని అడిగాడు. నాకు తెలియదు, మా ఆయనకూ తెలియదు. హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన 100 వాట్ల పాత బల్బు తెచ్చాడు. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య పెడితే భగ్గున వెలిగింది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెడితే లోపలి తీగ ఎర్రబారను కూడా లేదు. (ఇది మీరు చేయొద్దు, తెలిసినవాళ్ల చేతే చేయించండి.) “మూడో చిల్లి అలంకారానికే ఉండాది” అన్నాడు. బోకులు తోమే గట్టు పక్కన ఒక కడప బండ లేపితే, కింద తుప్పు పట్టిన పైపు. ఆయన వంగి ఒంటిచేత్తో పీకాడు. రెండడుగుల ముక్క! ఇల్లు కట్టినప్పటి నుంచి మమ్మల్ని కాపాడుతున్నదనుకున్నది అదీ. దాని మీద చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు, పైగా మొన్న పెరడంతా బండలు పరిచి వాన నీళ్లు కూడా దిగకుండా చేశాం. మట్టి ఎండితే కరెంటును తీసుకోదు, రాయలసీమ మట్టి ఎండాకాలం ఎట్లుంటుందో చెప్పాలా?

కొత్త గుంతకు ఆయనే చోటు చూపించాడు, స్నానాల గది నీళ్లు పోయే వైపు. ఎప్పుడూ చెమ్మ ఉండే చోటు కావాలట. ముందు తవ్వినచోట గడ్డపారకు బండ తగిలింది, కొంచెం జరిగితే దిగింది. రెండున్నర మీటర్ల జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస కల్లుప్పు, పైన నీళ్లు పోయడానికి గరాటు, మూత. అక్కడి నుంచి బోర్డు దాకా కొత్త ఆకుపచ్చ వైరు. ఉప్పు కొన్నేళ్లకు పైపును తినేస్తుందని, అప్పుడప్పుడు మూత తీసి చూసుకోమని చెప్పాడు. కూలి తీసుకోలేదు, మనవరాలికి పాట నేర్పమన్నాడు. ఆ పిల్లకు గొంతు అంతంతమాత్రం, అయినా నేర్పుతాను.

మళ్లీ బల్బు పెట్టాడు. రెండు చోట్లా ఒకేలా వెలిగింది. గదిలోకి పరుగెత్తి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మోత లేదు. ఇంకేదో సన్నగా బర్రుమంటోంది, వెతికితే పక్క గది ఫ్యాన్ రెగ్యులేటర్. దాన్ని ఆపితే అదీ పోయింది. నా షడ్జం పక్కన ఎవరూ లేరు. మా ఆయన ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లందరికీ ఆ గుంత మూత తీసి చూపిస్తున్నాడు, తానే కనిపెట్టినట్టు.

మీకూ ఇట్లాంటి మోత ఉంటే ఏమీ కొనొద్దు. ముందు చార్జర్ పీకి వినండి. పోతే తప్పు మైకుది కాదు. మూడు పిన్నుల చార్జర్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చి వాడుతుంటే ఆ కన్వర్టర్‌ను బయటికి విసిరేయండి, దానివల్ల ఎంత మంచి గుంతైనా దండగే. లాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోండి, ఈ గది నుంచి ఒకటి ఆ గది నుంచి ఒకటి లాగితే ఇంకో రకం మోత పుడుతుంది. బంగారు పూత కేబుల్ నా దగ్గర ఉంది, కావాలంటే సగం ధరకు ఇస్తాను.

ఎర్త్ బాగుందో లేదో పరీక్ష మే నెలలో చేయించండి, వానాకాలంలో ఏ గుంతైనా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తవ్వించేది మాత్రం వాన పడినాకే. ఎండలో నేల గట్టిబడి ఉన్నప్పుడు తవ్వించినందుకు మా దగ్గర కూలివాళ్లు రెట్టింపు తీసుకున్నారు.