ఫ్రీవీలులో మిగిలిన బుడమేరు

నవంబరులో ఒక ఉదయం విజయవాడ సింగ్‌నగర్ ఫ్లైఓవరు దిగుతూ సైకిలు తొక్కడం ఆపాను. నేను ఆపినా పెడళ్లు ఆగలేదు, పాదాలను మెల్లగా ముందుకు నెడుతున్నాయి. కాళ్లు బిగబట్టి కిందికి చూస్తే చైను పైభాగం బట్టలు ఆరేసిన తాడులా వేలాడి ఫ్రేముకు టపటప కొట్టుకుంటోంది. మళ్లీ తొక్కగానే ఏమీ ఎరగనట్టు బిగుసుకుంది.

అనుమానం ముందు గేర్లు మార్చే డెరైల్యూరు మీదికి పోయింది. బయటికి కనబడుతూ వేలాడేది అదే కదా. దాని రెండు చిన్న చక్రాలనూ పాత టూత్‌బ్రష్షుతో తోమి నూనె వేశాను. తగ్గలేదు. చైను మార్పించాను. అదీ దండగ. దుకాణంలో కుర్రవాడు చక్రాన్ని ఒకసారి తిప్పి చూసి, "ఫ్రీవీలు పోయింది సార్, చక్రం మొత్తం మార్చేద్దాం" అన్నాడు. సగం నిజమే చెప్పాడు. కానీ నేను ముప్ఫై ఏళ్లుగా లెక్కలు రాసి బతుకుతున్నవాణ్ని, కారణం తెలియకుండా ఖర్చు రాయడం నా చేత కాదు. సైకిలును ఇంటికి నడిపించుకొచ్చాను.

ఫ్రీవీలు అని అందరం అనేస్తాం కానీ, నా సైకిలుకు ఉన్నది ఫ్రీహబ్బు. పాత ఫ్రీవీలులో పళ్లచక్రాలూ లోపలి యంత్రమూ ఒకే ముద్ద. ఇందులో పళ్లచక్రాల కట్ట వేరు, దాన్ని తొడుక్కునే చిన్న డోలు వేరు. ఆ డోలు లోపల స్ప్రింగు ఆనించిన ఉక్కు నాలుకలు ఉంటాయి. తొక్కితే అవి లేచి ఎదుటి పళ్లలో దిగబడి చక్రాన్ని లాగుతాయి. ఆపితే ముడుచుకుని పళ్ల మీద జారుతూ టిక్కుటిక్కుమంటాయి. వాటి పక్కనే ఆవగింజలకంటే కొంచెం పెద్దవైన ఉక్కు గుళ్లు వరసగా ఉంటాయి. వాటి దారిలో ఏదైనా అడ్డుపడితే డోలు విడిగా తిరగలేక చక్రంతో పాటే తిరుగుతుంది, చైనును తనతో లాక్కుపోతుంది.

విప్పకముందే ఒక పరీక్ష చేయాలి. వెనక చక్రాన్ని బిగించే మీటను వదులు చేసి తిప్పి చూశాను. అప్పుడు సాఫీగా తిరిగితే తప్పు ఇరుసు బిగింపుదో, ఇరుసు గుళ్లను అదిమి ఉంచే కోను అనే నట్టుదో అవుతుంది, డోలు జోలికి పోనక్కరలేదు. నాది అప్పుడూ మారలేదు. చక్రం ఊడదీసి ఒడిలో పెట్టుకుని పళ్లచక్రాలను వేళ్లతో వెనక్కి తిప్పాను. ప్రతి చుట్టులోనూ ఒకేచోట కరకరమని ఆగుతోంది. బియ్యంలో రాయి పంటికి తగిలినట్టు.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. పళ్లచక్రాల కట్టకు దాని తాళంచెవి లాంటి పనిముట్టు కావాలి, కట్ట తిరిగిపోకుండా పట్టడానికి చైను ముక్క తగిలించిన కడ్డీ కావాలి. ఇరుసుకు పలచని 15 నంబరు స్పానరు. డోలును హబ్బుకు, అంటే చక్రం నడిమి భాగానికి, పట్టి ఉంచే బోల్టుకు 10 మిల్లీమీటర్ల అలెన్ కీ. ఇరుసు లాగేటప్పుడు కింద పళ్లెం పెట్టుకోండి. వైపుకు తొమ్మిది చొప్పున పద్దెనిమిది గుళ్లు రాలాలి, నాకు పదిహేడే దొరికాయి. మిగిలినది రెండు రోజుల తరవాత మా ఆవిడ కాలికింద దొరికింది. ఆ సంభాషణ ఇక్కడ అనవసరం.

డోలు వెనక రబ్బరు మూతను సూదితో లేపి, ఐస్‌క్రీం డబ్బాలో టర్పెంటైను పోసి ముంచి తిప్పాను. నల్లటి గ్రీజు దిగుతుందనుకున్నాను. దిగింది పసుపుపచ్చటి నీళ్లు. పావుగంట కదపకుండా ఉంచితే డబ్బా అడుగున పేరుకున్నది మెత్తని ఒండ్రు. వేలితో రుద్దితే ఎక్కడా గరుకు లేదు, ముఖానికి రాసుకునే పౌడరంత నున్నన. ఆ రంగును నేను మరిచిపోలేను. 2024 సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు మేం పై అంతస్తులో ఉన్నాం, సైకిలు కింద ఉంది. నీళ్లు తీశాక గోడ మీద మిగిలిన గీత ఆ రంగుదే.

అయితే తప్పంతా బుడమేరుదే అనడం న్యాయం కాదు. వరద తరవాత సైకిలును మోటారుసైకిళ్లు కడిగేచోటికి తీసుకుపోయి, గొట్టంతో నీళ్లు ధారగా కొట్టించింది నేనే. ఆ ధార హబ్బు మీద పడుతుంటే "ఇంకొంచెం, ఇంకొంచెం" అని దగ్గరుండి చెప్పాను కూడా. పైన ఉన్న బురదను లోపలికి తోయించడానికి డబ్బిచ్చి వచ్చానన్నమాట.

ఆపైన ఇంకో తెలివితక్కువ పని చేశాను. డోలును టర్పెంటైనులో కడిగి ఆరబెట్టాక, మళ్లీ నీరు చొరబడకూడదని డోలు నిండా చక్రాల గ్రీజు కూరాను. శబ్దం పూర్తిగా పోయింది, నేను మురిసిపోయాను. టిక్కుటిక్కు ఆగిందంటే నాలుకలు కదలడం మానేశాయని అప్పుడు తట్టలేదు. సంక్రాంతి వారంలో తెల్లవారుజామున, చలికి గ్రీజు ఇంకా గట్టిపడి ఉన్న సమయంలో, అదే ఫ్లైఓవరు ఎక్కుతూ సీటు మీంచి లేచి బలంగా తొక్కాను. పెడలు గాలిలోకి దిగిపోయింది. మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది, వెనక పాలవాడు బ్రేకు వేసి నన్ను తిట్టాడు. ముడుచుకున్న నాలుకలు జిగటలో ఇరుక్కుపోయి పైకి లేవలేదు. నవంబరులో విడవాల్సినచోట విడవలేదు, జనవరిలో పట్టాల్సినచోట పట్టలేదు. మొదటిది విసిగిస్తుంది. రెండోది పళ్లు రాలగొడుతుంది. పెడలు ఒక్కసారి జారినా ఆ సైకిలును రోడ్డు మీదికి తీయకండి.

మళ్లీ విప్పాను. ఈసారి టర్పెంటైను నాలుగుసార్లు మార్చాను, నాలుగోసారికి అడుగున ఏమీ దిగలేదు. రాత్రంతా ఆరబెట్టి, స్కూటరు గేరు ఆయిలు చుక్కలు చుక్కలుగా వేస్తూ వేలితో తిప్పాను. గ్రీజు ఇరుసు గుళ్లకు మాత్రమే పెట్టాను. టిక్కుటిక్కు తిరిగి వచ్చింది. మా అమ్మాయి, "నాన్నా, మళ్లీ పాడయిందా, చప్పుడు చేస్తోంది?" అంది.

ఒకచోట సన్నని గరుకు ఇంకా ఉంది. గుళ్లు తిరిగే దారి తుప్పుకు గుంటపడి ఉంటుంది, అది కడిగితే పోదు. డోలు ఒక్కటే విడిగా దొరుకుతుందని తెలిసింది, వేసవిలో మారుస్తాను. చక్రం మార్చనక్కరలేదు.

కింది వాటా ఆయన సైకిలు కూడా నాదాని పక్కనే మునిగింది. మొన్న మెట్ల దగ్గర ఆపి, "మాస్టారూ, నా సైకిలు చైను కూడా ఈ మధ్య వేలాడుతోందండీ" అన్నారు. ఆదివారం రమ్మన్నాను. ఐస్‌క్రీం డబ్బా పారేయవద్దని ఇంట్లో చెప్పి ఉంచాను.