నాకు మల్లె సెంటు ఎందుకు పడలేదంటే

మా ఆడపడుచు కూతురికి నెల్లూరులో ఉద్యోగం వచ్చింది. పోయిన వారం ఫోన్ చేసి, "అత్తా, రోజూ ఆఫీసుకు వేసుకోవడానికి మంచి సెంటు ఒకటి చెప్పు" అంది. మంచి సెంటు అని ఒకటి ఉండదమ్మా, నీకు పడే సెంటు ఉంటుంది అన్నాను. ఫోనులో అంతకు మించి చెప్పడం కుదరలేదు. మిగిలినదంతా ఇక్కడ రాస్తున్నాను.

దాదాపు పదిహేనేళ్లు నేను పూల సెంట్లే కొన్నాను. దుకాణాల్లో ఆడవాళ్ల అర అంటే మల్లె, గులాబీ, లిల్లీ. ఏది చల్లుకున్నా గంట తిరిగేసరికి కణతలు లాగేవి. పెళ్లయిన కొత్తలో ఒక సీసాకు 1,800 రూపాయలు పోశాను. అమ్మే అతను కాగితపు పట్టీ మీద చల్లి ముక్కు దగ్గర పెట్టాడు, బాగుంది అన్నాను, డబ్బు కట్టేశాను. అంతా కలిపి రెండు నిమిషాలు. ఆ సీసా నాలుగు సార్లు వాడి బీరువాలో పెట్టేశాను.

మల్లెపూలంటే నాకు ప్రాణం. జడలో మూర పూలు పెట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. సీసాలోకి వచ్చేసరికే వేరు. మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కాస్త ఉంటే రాత్రిపూట విచ్చిన మల్లెలో ఉండే ఆ మత్తు, మోతాదు పెరిగితే కుళ్లువైపు మళ్లే బరువు. జడలో పూలకు గాలి తగులుతుంది, సాయంత్రానికి వాడిపోతాయి. ఒంటికి పట్టించిన సెంటు అలా కాదు, ఏసీ గదిలో రోజంతా మనతోనే కూర్చుంటుంది. నా ముక్కు ఆ బరువును ఓర్చుకోలేదు.

నాకు పడేది ఏమిటో తెలిసిన రోజు బాగా గుర్తు. కువైట్ నుంచి వచ్చిన బంధువు ఒకరు మా ఆయనకు ఒక సీసా ఇచ్చారు. ఆయన మణికట్టు మీద చల్లుకుని నా ముందు చెయ్యి చాపారు. వాసన చూసి నాకు మాట రాలేదు. అది మా నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ వాసన.

మాది కందుకూరు పక్కన పల్లె. 2022 వరకు ప్రకాశం జిల్లా, ఆ ఏడాది నెల్లూరు జిల్లాలో కలిపారు. నాన్న పొగాకు రైతు. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్ నిండా వేలాడదీసి, కింద మంట పెట్టేవారు. దాదాపు వారం రోజులు రాత్రీ పగలూ మంట ఆరకూడదు, వేడి హెచ్చకూడదు, తగ్గకూడదు. నాన్న దుప్పటి కప్పుకుని అక్కడే కునుకు తీసేవారు. ఆకు కుదిరిందనుకున్న తెల్లవారుజామున తలుపు తీస్తే వెచ్చటి గాలి ఒక్కసారిగా ముఖానికి కొట్టేది. ఎండుగడ్డి, తేనె, కాస్త ఎండుద్రాక్ష, అడుగున కాలిన కట్టె. నిమ్మపండు రంగులో ఆకులు. చలిలో వణుకుతూ ఆ తలుపు దగ్గర నిలబడటం కోసమే నేను నిద్ర లేచేదాన్ని. సిగరెట్ పొగకూ దానికీ ఏ పోలికా లేదు.

తరవాత చదివితే ఆ ఎండుగడ్డి వాసనకు ఒక పేరుందని తెలిసింది, కౌమరిన్. 1868లో విలియం పెర్కిన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1882లో ఫ్రాన్సులోని ఉబిగాన్ సంస్థ దానితో 'ఫూజేర్ రాయల్' అనే సెంటు తెచ్చింది. ఫూజేర్ అంటే ఫ్రెంచిలో ఫెర్న్ మొక్క. ఆ మొక్కకు చెప్పుకోదగ్గ వాసనే లేదు, అడవి ఎలా ఉంటుందో ఊహించి కట్టిన వాసన అది. లావెండర్, కౌమరిన్, నాచు కలిసిన ఆ వంశంలోనే మగవాళ్ల సెంట్లు ఎన్నో పుట్టాయి. అర మీద ఎవరి పేరు రాసి ఉంటే నాకేమిటి? మా ఆయన సీసా ఇప్పుడు నాది.

మైకేల్ ఎడ్వర్డ్స్ అనే నిపుణుడు సెంట్లను ఒక చక్రంలో అమర్చాడు. అందులో పెద్ద కుటుంబాలు నాలుగు: పూలు, ఆంబర్, కట్టె, తాజాదనం. పేర్లు కంఠస్థం చేయనక్కరలేదు, మన ఇళ్లలోనే అన్నీ ఉన్నాయి. ఆంబర్ అంటే వెనిలా, జిగురుల వెచ్చటి తీపి. అందులో పడే బెంజాయిన్ మనం శుక్రవారం నిప్పుల మీద వేసే సాంబ్రాణే. కట్టె అంటే శ్రీగంధం, దేవదారు, ఎండాకాలం కుండలో వేసే వట్టివేళ్లు. (మన వెలిగొండల ఎర్రచందనానికి శ్రీగంధం పరిమళం ఉండదు, పేరు చూసి చాలామంది పొరబడతారు.) తాజాదనంలో నిమ్మజాతి, ఆకుపచ్చ వాసనలు, సముద్రపు గాలి వస్తాయి. సముద్రం పేరుతో అమ్మేవి మాత్రం నాకు మా మైపాడు తీరాన్ని ఎప్పుడూ గుర్తు చేయలేదు.

ఇక నాకు బాగా నచ్చిన ఇంకో వంశం షీప్ర్. ఫ్రాన్సువా కోటీ 1917లో సైప్రస్ దీవి పేరుతో తెచ్చిన సెంటు నుంచి ఆ పేరు నిలిచింది. పైన బెర్గమోట్ అనే నిమ్మజాతి కాయ పులుపు, అడుగున ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే ఓక్‌మాస్. నాచు అంటారు గానీ అది లైకెన్. మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. పోపుల డబ్బా తీసి ఒక రేకను వేళ్ల మధ్య నలిపి చూడండి. తడి మట్టి, పాత కట్టె, కాస్త చేదు. అది నచ్చితే షీప్ర్ దగ్గర ఆగి చూడాలి.

మొన్న ఆదివారం అమ్మాయి ఒంగోలు వచ్చింది. ముందు దుకాణానికి తీసుకెళ్లలేదు. వంటింట్లో కూర్చోబెట్టి, వాళ్ల పొదలకూరు తోట నుంచి తెచ్చిన నిమ్మకాయ తొక్కను ఒక చేతి మీద పిండాను, రెండో చేతికి శ్రీగంధం అరగదీసి రాశాను. నిమ్మ గుప్పుమంది, దాని ముఖం వెలిగింది. అరగంటకు ఆ చేతి మీద దాదాపు ఏమీ మిగల్లేదు. గంధం మధ్యాహ్నం దాకా ఉంది. తేలిక అణువులు ముందే ఎగిరిపోతాయి, బరువైనవి ఆగుతాయి. సెంటులోనూ ఇంతే. చల్లగానే వచ్చేది పై వాసన, పావుగంట అరగంటలో పోతుంది. తరవాత గుండె వాసన, చివరికి అడుగు వాసన. నేను 1,800 పోసింది ఆ మొదటి రెండు నిమిషాల పై వాసనకే.

సాయంత్రం దుకాణంలో దానికి రెండే రెండు చూడనిచ్చాను, చేతికొకటి. మూడోది చూస్తే ముక్కుకు తేడా తెలియదు. మణికట్లు రుద్దుకోబోతే ఆపాను. సీసా మీది మాటలూ చూపించాను. ఓ ద తువలెత్ అంటే సాధారణంగా 5 నుంచి 15 శాతం సుగంధం, ఓ ద పర్ఫ్యూమ్ అంటే 15 నుంచి 20 శాతం. మన మే నెల ఎండల్లో, సిటీ బస్సు రద్దీలో, పక్కవాళ్లకు కూడా గాలి ఆడాలి కాబట్టి మొదటిదే నయమని నా అభిప్రాయం. ఏదీ కొనకుండానే బయటికి వచ్చాం.

బస్టాండులో నెల్లూరు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నిమ్మ సెంటు రాసిన ఎడమ చేతిని వదిలేసి, కుడి చేతినే మళ్లీ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. దాంట్లో ఉన్నది వట్టివేళ్లు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి అడిగింది, "అత్తా, ఇది అమ్మమ్మ కుండలో నీళ్ల వాసన కదూ?"