దూలాలు విరగ్గొట్టే ఉద్యోగం

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, పరీక్షశాలలో దూలాలు విరగ్గొట్టడం నా పని. అవి ఒకే మానులోంచి కోసినవి కావు. స్ప్రూస్ లాంటి మెత్తని కలప పలకలను జిగురుతో పేర్చి అతికినవి.

దూలాన్ని రెండు కొసలా ఆనించి పైనుంచి హైడ్రాలిక్ జాక్‌తో నొక్కుతాం. పై భాగం నలుగుతుంది, అడుగు సాగుతుంది. ప్రమాదమంతా అడుగునే. ఏదో ఒక పలకలో ముడి ఉన్న చోటో, రెండు ముక్కలను పళ్లు కోసి కలిపిన అతుకు దగ్గరో పగులు మొదలై, దూలం చెప్పాపెట్టకుండా ఫటేలుమంటుంది.

అందుకే అడుగున గాజు పీచు, రెజిన్ కలిసిన పల్చని పట్టీ అతికిస్తారు. ఒరోనోలోని మెయిన్ విశ్వవిద్యాలయంలో 1990ల నుంచీ దీనిమీద పరిశోధన ఉంది. దూలం పరిమాణంలో 2-3 శాతం పట్టీ పెడితే, బలం ఒకటిన్నర రెట్ల దాకా పెరగవచ్చు. వంగడం మాత్రం అంతగా తగ్గదు. ఈ రెండో ముక్కను అమ్మేవాళ్లు కాస్త నెమ్మదిగా చెబుతారు.

నాకు నచ్చేది బలం కాదు, పట్టీ వేసిన దూలం విరిగే తీరు. పై పలక మీద అడ్డంగా సన్నని ముడతలు లేస్తాయి. దూలం కళ్లెదుటే కిందికి వంగుతూ చిటపటలాడుతుంది. మనిషి పక్కకు తప్పుకునేంత వ్యవధి ఇస్తుంది. ఆ వీడియో పంపితే, ఊళ్లో వడ్రంగం చేసే మా బాబాయి, "అదంతా సరేరా, వానకు తడిస్తే జిగురు ఆగుతుందా?" అన్నాడు.

సరిగ్గా అక్కడే ఉంది చిక్కు. తడికి చెక్క ఉబ్బుతుంది, గాజు ఉబ్బదు. నడుమ నలిగేది జిగురు. అందుకే ముక్కలను నీళ్లలో ఉంచి, గాలి లాగేసి, ఒత్తిడి పెట్టి, ఆరబెట్టి, మళ్లీ మళ్లీ అదే చేసి, అతుకు గీతలో సన్నని రేకు దూరుతుందేమో చూస్తాం. పట్టీ చెక్కను గట్టిగా పట్టుకోవడానికి ముందుగా పూసే, రిసార్సినాల్ అనే రసాయనంతో చేసిన పూత ఒకటి విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో తయారైంది.

మంటల నుంచి కాపుగా, చూపుకూ బాగుండాలని, పట్టీ కింద ఇంకో పలక వేస్తారు. దాంతో కొనేవాళ్లకు కలపే కనిపిస్తుంది. కోసేవాళ్లకు కనిపించేది వేరు: పట్టీలోని గాజు పీచు, రంపం పళ్లను తినేస్తుంది, దాని ధూళి చొక్కా లోపలికి దూరి దురద పెడుతుంది. మామూలు దూలం ముక్కలు చలికాలం బాయిలర్‌లోకి పోతాయి. పట్టీ ఉన్నవాటిని అందులో వేయనివ్వరు. చెక్కను, గాజును విడదీసే తీరిక ఎవరికీ లేదు కనుక, అవి నేరుగా చెత్తలారీ ఎక్కుతాయి.